అప్రస్తుత ప్రసంగిని లోపలికి రానిచ్చే మనసు

కాగ్నిటివ్ సైకాలజీలో ధ్యాస పాఠం చెవులతో మొదలవుతుంది. 1953లో కాలిన్ చెర్రీ ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపించి, ఒక చెవిలోది మాత్రం వింటూనే పైకి పలకమన్నాడు. రెండో చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా కొందరు గుర్తుపట్టలేదు. 1958లో డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ దీనికి కారణం చెప్పాడు: మనసుకు ఒక వడపోత ఉంది, ఒక్కదాన్ని రానిచ్చి మిగతావాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

ఇగ్నో ఎం.ఏ. సైకాలజీలో నా మొదటి పేపరు ఇదే. సిద్దిపేటలో కూర్చుని ఈ వడపోత సంగతి చదువుతుంటే మాత్రం అష్టావధానం అడ్డు తగులుతూనే ఉంది. అవధాని అష్టకాల నరసింహరామ శర్మ గారి వల్ల అవధానమనే మాట మా ఊరికి కొత్తది కాదు.

అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యంలో పొదగమంటారు. నిషిద్ధాక్షరి వారిది మరీ చిత్రమైన పని. అవధాని 'శ్రీ' అనగానే 'రామ' అనబోతున్నాడని పసిగట్టి 'రా' వద్దంటారు. ఎదుటివాడి నోట రాబోయే మాటను ముందే ఊహించడమన్నమాట. ఆవృత్తికి ఒక్కో పాదమే చెప్పాలి కాబట్టి పద్యాలన్నీ సగం సగంగా తలలో ఉంటాయి.

లెక్క వేసి చూశాను. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పద్యానికి 80. అలాంటివి నాలుగంటే 320. జార్జ్ మిల్లర్ 1956లో మనిషి తక్షణ స్మృతికి 7 అంశాలు, రెండు అటూ ఇటూ, అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని 4 దగ్గరికి దించాడు. అవధాని ఈ హద్దును దాటేశాడని గర్వపడటం తేలిక. నాకలా అనిపించదు. రెండో అక్షరం ప్రాసతో ముందే ఖాయమైంది. పదో అక్షరం యతికి కట్టుబడింది. గురులఘువుల వరుస మారదు. ఆయన మోస్తున్నవి 320 విడి అక్షరాలు కావు, ముందే తెలిసిన అమరికలో ఒదిగినవి. 1973లో ఛేజ్, సైమన్ చదరంగంలో చూపించిందీ ఇదే. నిజమైన ఆటలోని బల్లను అయిదు సెకన్లు చూసి గొప్ప ఆటగాడు చాలావరకు తిరిగి పేర్చగలడు. పావులను ఇష్టమొచ్చినట్టు చల్లితే, కొత్తవాడికన్నా పెద్ద మెరుగేమీ కాదు.

పద్యాలన్నీ తలలో నిలుపుకుని చివర అప్పజెప్పే ధారణ సంగతి ఇలా కొంత తెమిలింది. తెమలనిది అప్రస్తుత ప్రసంగి సంగతి. మధ్యలో దూరి కొంటె ప్రశ్నలు వేయడమే ఆయన పని. వడపోత సిద్ధాంతం నిజమైతే అవధాని ఆయన్ని విననే కూడదు. వింటాడు. నవ్వించే జవాబు కూడా చెప్పాలి, లేకపోతే సభ ఒప్పుకోదు. చెప్పి, ఆగిన పాదం దగ్గరికి వెళ్తాడు. చెదరకపోవడం కన్నా చెదిరాక తిరిగి వెళ్ళడానికి ఒక చోటుండటమే ధ్యాసలో పెద్ద భాగమేమో అని నా అనుమానం. ఛందస్సు అవధానికి ఆ చోటు చూపిస్తుంది. నేను పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ మోగితే, మాట్లాడి వచ్చాక పేజీ దొరుకుతుంది కానీ ఆలోచన దొరకదు. నా చదువుకు యతీ లేదు, ప్రాసా లేదు.

ఈ అనుమానంలోనూ ఓ లొసుగుంది. కొంటె జవాబులు చెప్పడం కూడా ఏళ్ళ సాధనతో చేతికొచ్చిన విద్యే అయితే, ఆ ప్రశ్న అవధానిని అసలు చెదరగొట్టడం లేదేమో. తేల్చడానికి ప్రయోగం ఒకటి తోస్తోంది. అదే అవధానికి, అదే అప్రస్తుత ప్రసంగం మధ్య, పద్యపాదాలకు బదులు అంతే పొడవున్న వచన వాక్యాలు కట్టమని అడగాలి. చివర ధారణలో ఎన్ని దక్కుతాయో చూడాలి. ఛందస్సు నిజంగా ఆ చోటే అయితే, వచనం చాలావరకు జారిపోవాలి.