పుస్తకంలో పార్వతి, తెరమీద పార్వతి

దేవదాసు అనగానే తెలుగువారికి ఘంటసాల గొంతు, అక్కినేని మత్తుకళ్లు గుర్తొస్తాయి. వేదాంతం రాఘవయ్య తీసిన ఆ సినిమా 1953లో వచ్చింది. అప్పటికి అక్కినేనికి 28 ఏళ్లు. దానికి మూలమైన శరత్‌చంద్ర బెంగాలీ నవల అచ్చయింది మాత్రం 1917లో.

సినిమా చూసి ఆగిపోయినవారికి దక్కని పార్వతి ఒకామె నవలలో ఉంది. అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్లి, తనను పెళ్లాడమని సూటిగా అడిగే పిల్ల ఆమె. ఆనాటి పల్లెలో అది ఎంత తెగువ! తర్వాత చెరువుగట్టు మీద దేవదాసు చేపలగాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. శరత్ ఈ క్రూరత్వాన్ని దాచలేదు. కథానాయకుడి బలహీనతను ఎక్కడా గొప్పగా చూపలేదు, చివర్లో మాత్రం అతడి కోసం పాఠకుల జాలి కోరాడు.

మరి సినిమా ఇచ్చిందేమిటి? పార్వతిగా సావిత్రి చూపులు, సముద్రాల మాటలు, సుబ్బరామన్ బాణీలు. చిన్న నవలలో రెండు వాక్యాల్లో దాటిపోయే వేదన పాటలో నిమిషాలపాటు నిలుస్తుంది.

రెండూ కావాలి. సినిమా ఎరిగినవారు ఈ వారం నవల తెరవండి, పార్వతి కోసం చదవండి.