సంత ముగిసిన పిమ్మట

ధ్యానభాగములు: యోహాను 6:1-13, నెహెమ్యా 3:14



ఐదు యవల రొట్టెలతోను రెండు చిన్న చేపలతోను ఐదువేలమంది పురుషులు తృప్తిగా భుజించిన సంగతి మన సండేస్కూలు పిల్లలు సహా చెప్పగలరు. అయితే విందు ముగిసిన పిమ్మట జరిగిన పనిని మనము అంతగా ధ్యానింపము. రొట్టెలను విస్తరింపజేసిన ప్రభువునకు ముక్కలతో పనియేమి? అయినను మిగిలినదేదియు పాడు కాకూడదనియు, దానిని కూర్చవలెననియు ఆయన శిష్యులకు ఆజ్ఞాపించెను. పన్నెండు గంపలు నిండెను. వడ్డించిన చేతులే ఏరవలసి వచ్చెను.

ఈ మాటను పాడేరు సంతలో నిలువబడి తలంచుకొందము. పసుపు, అల్లము, పిప్పళ్లు, రాజ్మా, చోళ్లు, పనసకాయలు, కొండచీపుర్లు మోసికొని మన జనులు కొండలు దిగి వత్తురు. మైదానపు వర్తకులు కూరగాయలు, ఎండుచేపలు, బట్టలు తెత్తురు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది మొదలు ఇచ్చటికి వచ్చిపోవువారును అధికమైరి. దేవుడు నేలనుండి మొలిపించినది అమ్ముకొని, ఉప్పును నూనెయు కొనుక్కొని పోవుట మంచిదే. అది ఆయన ఆశీర్వాదమే. మరి ప్రొద్దు క్రుంకి అందరును బండ్లెక్కిన పిమ్మట ఆ నేలమీద మిగులునది ఎవరిది?

కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, పనస తొక్కలు, చేపల పొలుసులు, టీ గ్లాసులు, ప్లాస్టిక్ సంచులు, అన్నియు ఒకే కుప్ప. ఆ కుప్పలో రెండు జాతుల వస్తువులున్నవి. ఒకటి మంటినుండి వచ్చినది. కొన్ని నెలలలో తిరిగి మన్నై, మరల పంటకు బలమగును. రెండవది మంటిలో కలియదు. విడివిడిగా ఉంచినయెడల మొదటిది ఎరువగును, రెండవదానిలో అధికభాగము మరల పనికివచ్చును. కలిపినయెడల రెండును చెడును. సంచులున్న ఎరువును ఏ రైతు తన చేనిలో వేయును? కుళ్లు పట్టిన ప్లాస్టిక్‌ను ఎవరు కొందురు? కావున వస్తువు చెత్తగా మారుట కుప్పలో కాదు, మన చేతిలోనే. విడదీయవలసిన స్థలమును అదియే.

వానాకాలమున ఆ కుప్ప అక్కడనే నిలువదు. నీరు దానిని కాలువలోనికి, కాలువనుండి గెడ్డలోనికి ఈడ్చుకొనిపోవును. క్రింది ఊరి తల్లి ఆ గెడ్డలోనే బిందె ముంచును. పారవేసిన గ్లాసులో నిలిచిన చారెడు నీటిలో డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. కూర తొక్కలతో ముడివేసి విసరిన సంచిని ఆవు వాసన పట్టి మ్రింగును. అది కడుపులో అరగక, బయటికి రాక, ఆ మూగజీవి మేత మాని చిక్కి చచ్చును. తగులబెట్టుదమన్న, ఆ విషపు పొగ చుట్టు ఇండ్ల పసిపిల్లల రొమ్ములోనికి పోవును. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగెను గదా. గెడ్డకు దిగువనున్నవాడే మన పొరుగువాడని మనము జవాబు చెప్పుకొనవచ్చును.

ఇది కొండవారి సంతకే వచ్చిన చిక్కు కాదు. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో దినదినము గుట్టలుగా మిగులు కూరగాయలను గాలి చొరని తొట్టెలలో మురుగబెట్టి, వచ్చిన వాయువుతో కరెంటు పుట్టించిరి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు ఆ విధానమును రూపొందించిరి. దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటవాయువు వచ్చుచున్నవని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియోలో చెప్పిరి. అంత గొప్ప యంత్రమునకును మొదట కావలసినది వేరుచేయు చేయియే. ప్లాస్టిక్‌ను మురుగబెట్టిన వాయువు రాదు.

మనకు అంత యంత్రము అక్కరలేదు. గుడి పెరటిలో నడుము లోతు గొయ్యి చాలును. వాననీరు చేరకుండ పైన చిన్న పాక వేయవలెను. కూర తొక్కలు ఒక వరుస, ఎండుటాకులు ఒక వరుస, పేడనీళ్లు, కొంచెము మన్ను వేయుచు, తడి ఆరకుండ చూచి, అప్పుడప్పుడు తిరుగవేసిన మూడు నాలుగు నెలలలో నల్లని ఎరువు చేతికి వచ్చును. పసుపు మడికి అది మేలు.

మరియొక సంగతి. మన స్త్రీలు అడవినుండి అడ్డాకులు తెచ్చి, ఎండబెట్టి, పుల్లలతో విస్తళ్లు కుట్టి సంతలో అమ్ముదురు. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థయు అడ్డాకులు కొనుచు వచ్చినది. ఆ విస్తరి గొయ్యిలో పడిన మన్నగును. అయినను కొన్ని సంఘముల ప్రేమవిందులలో పట్టణమునుండి తెచ్చిన పూతపళ్లెములు కనబడుచున్నవి. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. చట్టము రాకముందే దేవుడు మన అడవిలో విస్తరి మొలిపించెను. దానిని కొన్నయెడల సంఘములోని విధవరాలికి నాలుగు రూపాయలు దొరకును.

కడపటిగా, యెరూషలేము గోడ కట్టినవారి పట్టీ చూడుడి. ఆ పట్టణపు చెత్త పోవు ద్వారమునకు పెంట గుమ్మమని పేరు. దానిని బాగుచేసినవాడు కూలివాడు కాడు, ఒక ప్రదేశమునకు అధిపతియైన మల్కీయా. తలుపులు నిలిపి, గడియలు బిగించి, తన పేరు పరిశుద్ధ గ్రంథమున నిలుపుకొనెను. తెల్లవారకముందే మన సంత ఊడ్చు అక్కను, చెత్తబండి నడుపు అన్నను మనము పేరు పెట్టి పిలుచుచున్నామా? వారు దాహమడిగినప్పుడు మన గ్లాసుతోనే నీళ్లిచ్చుచున్నామా? మన తడిచెత్తలో బ్లేడు, గాజుపెంకు, సూది కలిపినయెడల తెగునది వారి చేయి. వాటిని వేరుగా కాగితములో చుట్టి ఇచ్చుట కూడ ప్రేమయే.

కాబట్టి ఈ నెలనుండి సంతకు పోవు ప్రతి ఇంటివారును ఒక గుడ్డసంచి, చేపలకొరకు ఒక గిన్నె వెంట తీసికొనిపోవుదురు గాక. అమ్మకమునకు కూర్చుండువారు తమ ప్రక్కన రెండు గంపలు పెట్టుకొందురు గాక: ఒకటి మంటికి చేరునది, ఒకటి చేరనిది. లేచునప్పుడు తాము కూర్చున్న చోటు చూచుకొని లేతురు గాక. శిష్యులకు పన్నెండు గంపలు బరువైనవని ఎచ్చటను వ్రాయబడలేదు. మనకు రెండు గంపలు బరువగునా?

మిగిలినవాటిని సహా లెక్కచేసిన ప్రభువు మన చేతులకు ఆ శ్రద్ధను దయచేయును గాక. ఆమేన్.