అయిదవ పిచ్చుక



మత్తయి 10వ అధ్యాయములో ప్రభువు కాసుకు రెండు పిచ్చుకల లెక్క చెప్పెను. లూకా 12వ అధ్యాయములో రెండు కాసులకు అయిదు. సంతలో బేరమాడినవారికి ఇది వెంటనే తెలియును: నాలుగింటికి వెల ఉన్నది, అయిదవది కొసరు. ఆ కొసరు పిచ్చుకను సైతము తండ్రి మరువడు. ఈ మాటను మన ఆదరణకొరకే చదువుకొందుము. అది సరియే, శిష్యుల భయము తీర్చుటకే ప్రభువు దానిని చెప్పెను. అయితే తండ్రి మరువని ఆ పిచ్చుక మన చూరులోనే కాపురమున్నప్పుడు మన వంతు ఏమి?

కోరాపుట్ పట్టణము సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో సెమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రివేళ 10 డిగ్రీల లోపునకు చలి దిగును. రాయగడ పల్లమున ఉన్నందున అక్కడ అంత బాధ లేదు. అక్కడివారు మన కంబళ్ళు చూచి నవ్వుదురు. పిచ్చుక తూకము సుమారు 30 గ్రాములు. అంత చిన్న దేహము త్వరగా చల్లారిపోవును. పగలు తిన్న గింజల బలముతోనే, ఈకలు ఉబ్బించుకొని, తెల్లవారువరకు అది వేడి నిలుపుకొనవలెను. అందుకే గుడ్లు పెట్టని కాలములో కూడ పాత గూటిలోనో పెంకుల సందులోనో దూరి పడుకొనును.

ఇప్పుడు పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు వచ్చినవి. మిగిలిన చోటు మందిరపు వెంటిలేటర్లు, వరండా దూలములు. క్రిస్మసుకు సున్నము వేయునప్పుడు వాటిని దులుపుట అనేక సంఘములలో వాడుక. సరిగ్గా చలి ముదురు వారములలో పిచ్చుకకు పడక పోవుచున్నది. బల్లలమీద రెట్ట పడునని పెద్దలు చెప్పునది నిజమే. దానికి గూటి క్రింద ఒక చెక్క పలక కొట్టిన చాలును. 84వ కీర్తనకారుడు దేవుని బలిపీఠములయొద్ద పిచ్చుకకును వానకోవెలకును చోటు దొరికెనని చూచి, వాటి భాగ్యమునే తలపోసెను.

అమెరికా తూర్పు రాష్ట్రములలో వానకోవెల జాతిదైన పర్పుల్ మార్టిన్ దాదాపు పూర్తిగా మనుష్యులు కట్టిన గూళ్ళలోనే పిల్లలు చేయును. పూర్వము అక్కడి ఆదివాసులు సొరకాయ బుర్రలు వ్రేలాడదీసిరి. వసంతములో చలి తిరిగి పట్టి పురుగులు ఎగురనప్పుడు ఆ పక్షులు ఆకలితో చచ్చును గనుక, ఇంటివారు కీచురాళ్ళను గాలిలోనికి విసరి, వండిన గ్రుడ్డు ముక్కలు పెట్టి కాపాడుదురు. నార్వేలో క్రిస్మసుకు పక్షులకొరకు ధాన్యపు పన కట్టుట పాత ఆచారము. మన కోస్తా ఊళ్ళలో వరండాకు వరికంకుల కుచ్చు కట్టుట మీలో పలువురికి జ్ఞాపకముండును.

పిచ్చుకకు చేయవలసినది ఇంతకంటె సులువు. చోళ్ళు, సామలు, నూకలు ప్రొద్దు గ్రుంకకముందు ఒక పిడికెడు, తెల్లవారగానే మరియొక పిడికెడు చల్లవలెను. తెల్లవారుజాముననే దాని ఆకలి గట్టిది. చెక్క పెట్టెకు అంగుళంబావు రంధ్రము చాలును. దానిని చూరు క్రింద, చలిగాలి కొట్టని వైపు, పిల్లి అందని ఎత్తున కట్టవలెను. రంధ్రము ముందర పుల్ల పెట్టరాదు, కాకికి అదే ఆసరా. లోపల రంగు, వార్నిషు వద్దు.

సున్నపు పని ఈసారి అక్టోబరులోనే ముగించుకొని, నవంబరు మొదటి ఆదివారమునకు పెట్టెలు కట్టవలెనని మా కోరిక. వడ్రంగము తెలిసిన సహోదరులు ఆరాధన తరువాత యౌవనస్థులను కలిసికొనగలరు.