కనిపించకపోవడం, లేకపోవడం

వెబ్‌సైట్ యజమానికి సెర్చ్ ఇంజిన్ నుంచి అందే సమాచారంలో అన్నిటికంటే చిక్కైనది అభావం. నిన్నటిదాకా గూగుల్‌లో పేరు కొట్టగానే పైన వచ్చిన పేజీ ఇవాళ రాదు. రోజూ వచ్చేవాళ్లలో సగం మంది రారు. జరిగింది ఒక్కటే అయినా కారణాలు నాలుగు కావచ్చు. సెర్చ్ ఇంజినే మొరాయించి ఉండవచ్చు. ఫలితాలను వరసపెట్టే పద్ధతిని ఆ సంస్థ మార్చి ఉండవచ్చు. సైట్ నడిచే సర్వర్ పడిపోయి ఉండవచ్చు. లేదా జనమే ఆ విషయం వెతకడం మానేసి ఉండవచ్చు. ఏది నిజమో తేల్చుకోకుండా పేజీలు తిరగరాయడానికి కూర్చున్నవాళ్లు తరచు బాగున్నదాన్ని చెడగొట్టుకుంటారు. ఒకటి లేదని ఎలా తెలుస్తుంది, ఆ లేమికి కారణం ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నల మీద భారతీయ దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నాయి. ఆ వాదం ఈ పనికి నేరుగా పనికొస్తుంది.

ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు, అభావాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రమాణం, అంటే జ్ఞానసాధనం, విడిగా కావాలన్నాడు. నేల మీద కుండ లేదన్న జ్ఞానం కంటి వల్ల కలగదు, కుండ కనబడకపోవడం వల్ల కలుగుతుందని ఆయన పక్షం. అద్వైతులూ దీన్ని ఒప్పుకున్నారు. న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు ఒప్పుకోలేదు. ఖాళీ నేలను చూసిన కన్నే కుండ లేమినీ పట్టుకుంటుందని వాళ్ల మాట. తెలుగు పండితుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలోనూ ప్రమాణాలు నాలుగే: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. బౌద్ధుడైన ధర్మకీర్తి అభావజ్ఞానాన్ని అనుమానంలో చేర్చాడు. ఆయన పుట్టిన చోటు దక్షిణాదిలోని త్రిమలయ అని టిబెట్ చరిత్రకారులు రాశారు. అది తిరుమలేనని భావించిన పరిశోధకులున్నారు. అదే నిజమైతే ఈ చర్చలో ఒక పక్షం తిరుపతి దగ్గరి వడమాలపేటకు పొరుగునే పుట్టిందనాలి.

ఇంత పోట్లాడుకున్న ఈ పక్షాలు ఒక్క షరతు దగ్గర దగ్గరవుతాయి. కనబడడానికి కావలసిన పరిస్థితులన్నీ ఉండి కూడా కనబడకపోతేనే లేదనాలి. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని అర్థం కాదు. మీమాంసకులు దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. సెర్చ్ ఇంజిన్‌ను గమనిస్తూ ఉండడమనే పనికి ఆధారమంతా ఈ యోగ్యతలోనే ఉంది. చూసే సాధనం సరిగా ఉందా అన్నది మొదట తేలాలి, చూడబోయే వస్తువు సంగతి ఆ తర్వాత.

సాధనం చెడిన సందర్భాలు కల్పితాలు కావు. 2022 ఆగస్టు 9 ఉదయం, భారత కాలమానం ప్రకారం ఏడు గంటల ప్రాంతంలో, గూగుల్ సెర్చ్ చాలా దేశాల్లో కాసేపు ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ మార్పులో వచ్చిన లోపమే కారణమని సంస్థ చెప్పింది. 2020 ఆగస్టు 10న జరిగింది దీనికంటే ప్రమాదకరం. ఆ రోజు సెర్చ్ తెరుచుకుంటూనే ఉంది, ఫలితాలూ వస్తూనే ఉన్నాయి. అయితే పేజీలను ఇండెక్స్‌లోకి ఎక్కించే వ్యవస్థ దెబ్బతినడంతో సంబంధం లేనివి పైకొచ్చి, స్థిరంగా ఉన్న సైట్లు కిందికి జారాయి. మరునాటికి సరిచేశారు. పూర్తిగా ఆగిన సెర్చ్ తన లోపాన్ని తానే చెబుతుంది. తప్పుగా నడుస్తున్న సెర్చ్ చెప్పదు. కాబట్టి రెండో రకం అంతరాయానికే ఎక్కువ జాగ్రత్త కావాలి.

2022 డిసెంబరు నుంచి గూగుల్ ఒక స్టేటస్ డ్యాష్‌బోర్డు నడుపుతోంది. పేజీలను చదివిపోయే క్రాలింగ్, వాటిని దాచుకునే ఇండెక్సింగ్, వరసపెట్టే ర్యాంకింగ్, ఫలితాలను అందించే సర్వింగ్ అనే నాలుగు అంచెల్లో ఎక్కడ ఇబ్బంది ఉన్నా అందులో ప్రకటిస్తుంది. యజమాని తన ఫోన్‌లో తన సైట్ పేరు తానే కొట్టి చూసుకోవడం యోగ్యమైన పరీక్ష కాదు. వెతికిన ఊరిని బట్టి, భాషను బట్టి, కొంత పాత వెతుకులాటలను బట్టి కూడా ఫలితాలు మారతాయి. తేదీల దగ్గరా మెలిక ఉంది. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ రోజువారీ లెక్కలను అమెరికా పశ్చిమ తీరపు కాలమానంలో కడుతుంది. వేసవిలో అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. ఆగస్టు 9 ఉదయం ఆగిన సెర్చ్ ఆ పట్టికలో ఆగస్టు 8 ఖాతాలో పడుతుంది. ఇది తెలియనివాడు కారణం కోసం తప్పు రోజున వెతుకుతాడు.

అభావం కూడా ఒకే రకం కాదు. న్యాయవైశేషికులు నాలుగుగా విడదీశారు. పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం. నశించాక మిగిలేది ప్రధ్వంసాభావం. ఎప్పటికీ లేకపోవడం అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. నిన్న రాసిన పేజీ ఇంకా ఇండెక్స్‌లోకి ఎక్కలేదంటే అది ప్రాగభావం, ఓపిక పడితే తీరుతుంది. ఎక్కిన పేజీని తర్వాత తీసేశారంటే ప్రధ్వంసం, దానికి కారణం వెతకాలి. ఫలితాల మొదటి పేజీలో ఉన్నది మూడో పేజీకి జారడం అసలు అభావమే కాదు. అది ఉంది, స్థానమే మారింది. ఈ మూడింటికీ ఒకే మందు వేయడం వల్లనే చాలామంది శ్రమ వృథా అవుతోంది.

నాలుగో రకమైన అన్యోన్యాభావం తిరుపతి ప్రాంతానికి బాగా అనుభవమైన సంగతి. టీటీడీ సైట్‌ను పోలిన నకిలీ వెబ్‌సైట్లు భక్తుల నుంచి డబ్బు వసూలు చేస్తున్నాయని 2023లో పోలీసు కేసులు నమోదయ్యాయి. అప్పటికి బయటపడ్డ నకిలీలు నలభైకి పైగానే. అసలు చిరునామాలో చుక్క ఉన్నచోట గీత పెట్టి, చివర ఒక్క ముక్క మార్చి కొన్నిటిని తయారుచేశారు. 2024 జనవరిలో టీటీడీ తన అధికారిక సైట్ పేరును టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్‌గా మార్చింది. పేరు మారే రోజుల్లో ఏ సంస్థకైనా గమనింపు రెట్టింపు కావాలి. అసలుది కనబడుతోందా అని చూడడంతో పాటు, కనబడుతున్నది అసలుదేనా అని కూడా చూడాలి. ఇది అది కాదు అన్న జ్ఞానం లోపిస్తే నష్టపోయేది దూరపు ఊరి నుంచి దర్శనానికి బయలుదేరిన కుటుంబం.

సెర్చ్ ఇంజిన్‌కూ ఇదే ప్రశ్న ఎదురవుతుందన్నది ఈ విషయంలోకెల్లా లోతైన అంశం. అది పేజీ కోసం సర్వర్ దగ్గరికి వస్తుంది. పేజీ దొరకదు. లేదని తేల్చుకోవాలా, మళ్లీ రావాలా? ఇంటర్నెట్ నియమాలు దీనికి రెండు వేర్వేరు సమాధానాలు ఏర్పరచాయి. 404 అంటే ఆ చిరునామాలో పేజీ లేదు. 503 అంటే ప్రస్తుతానికి సేవ అందడం లేదు, తర్వాత రావచ్చు. మొదటిది అభావాన్ని చెబుతుంది, రెండోది చూడడానికి పరిస్థితి అనుకూలంగా లేదని చెబుతుంది. దర్శనకారులు పెట్టిన షరతు మూడంకెల సంఖ్యలో ఇమిడిపోయింది. మరమ్మతు కోసం సైట్‌ను ఆపినప్పుడు 503 ఇస్తే గూగుల్ తన రాకపోకలు తగ్గించుకుని వేచి ఉంటుంది. రెండు రోజులు దాటి అదే సాగితే పేజీలను ఇండెక్స్ నుంచి తీసేయడం మొదలుపెట్టవచ్చు. ఎంతకాలం వేచి చూశాక కనబడకపోవడాన్ని లేకపోవడంగా ఎంచాలన్న దానికి శాస్త్రం గడువు చెప్పలేదు, యంత్రం పెట్టుకోక తప్పలేదు.

ఇక కారణం సంగతి. ఒక ఉదాహరణ తీసుకుందాం. వడమాలపేట మండలంలోని అప్పలాయగుంటలో టీటీడీ నిర్వహించే ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. ఇక్కడి స్వామిది అభయహస్తం. ఏటా జ్యేష్ఠమాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. తిరుపతి–పుత్తూరు దారిలో బస్సులు, దర్శన వేళలు, బస వివరాలు చెప్పే చిన్న సైట్‌ను స్థానికుడొకరు నడుపుతున్నారనుకుందాం. 2025లో ఉత్సవాలు జూన్‌లో జరిగాయి. అవి ముగిశాక వాటి కోసం వెతికేవాళ్లు తగ్గడం సహజం. ఫలితాలను వరసపెట్టే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు, అంటే కోర్ అప్‌డేట్, ఒకటి అదే జూన్ 30న మొదలై జూలై 17న పూర్తయింది. జూలైలో పట్టిక చూసిన యజమాని నేరం అప్‌డేట్ మీద మోపడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి పండును రాల్చినట్టు కాదని కాకతాళీయ న్యాయం.

దీన్ని విడదీయడానికి అన్వయవ్యతిరేకాలున్నాయి. కారణం ఉన్నచోట కార్యం ఉందా, కారణం లేనిచోట కార్యం లేదా అని రెండు వైపులా చూడాలి. ఉత్సవాల పేజీ ఒక్కటే పడిపోయి బస్సుల పేజీ నిలకడగా ఉంటే అప్‌డేట్‌ను అనుమానించడానికి బలం తక్కువ. సగటు స్థానం అలాగే ఉండి, కనబడిన సార్లు మాత్రం తగ్గితే వెతికేవాళ్లు తగ్గారు. స్థానమే దిగజారితే వరస మారింది. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు ఉంచుతుంది కనుక నిరుటితోనూ పోల్చవచ్చు, కానీ ఇంగ్లిషు తేదీలతో పోలిస్తే తెలుగు ఊళ్ల సైట్లకు లెక్క తప్పుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి నిజ జ్యేష్ఠం జూన్ మధ్యకు జరుగుతుంది. ఆ ఏడాది జూన్ మొదటి వారాన్ని నిరుటి అదే వారంతో పోల్చి సైట్ పడిపోయిందనుకుంటే అది పంచాంగం చూడని అనుమానం.

మరో సెర్చ్ ఇంజిన్‌లో కూడా చూసి సరిపోల్చుకోవడం మంచి అలవాటే. అయితే సాక్షులు నిజంగా వేర్వేరువాళ్లే అయి ఉండాలి. 2024 మే 23న మైక్రోసాఫ్ట్ బింగ్ ఆగినప్పుడు దాని మీద ఆధారపడిన డక్‌డక్‌గో, ఎకోషియాలు కూడా ఇబ్బంది పడ్డాయి. మూడు చోట్ల లేదంటే ముగ్గురు చెప్పినట్టు కాదు, ఒక్కరి మాటే మూడుసార్లు వినబడింది.

సాక్షి మాట నమ్మడం శబ్దప్రమాణం, దానికి ఆప్తుడు కావాలి. ఉన్నదాన్ని తెలిసినవాడు, తెలిసినదాన్ని ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. సెర్చ్ సంస్థకు మొదటి లక్షణం ఉంది. రెండోది పాక్షికం. ర్యాంకింగ్ రహస్యాలన్నీ చెబితే మోసగాళ్లు వాటిని వాడుకుంటారు గనుక కోర్ అప్‌డేట్ మొదలైందని, ముగిసిందని చెప్పి చాలావరకు అక్కడితో ఆపుతుంది. ఈ మౌనానికి న్యాయమైన కారణం ఉంది, అయినా దాని బరువు మోసేది చిన్న యజమానే. 2025 సెప్టెంబరులో ఒకే పేజీలో వంద ఫలితాలు తెప్పించుకునే వీలును గూగుల్ తీసేసింది. దాంతో చాలా సైట్లకు కనబడిన సార్ల లెక్క ఒక్కసారిగా తగ్గి, సగటు స్థానం మెరుగైనట్టు తేలింది. అడుగున ఎక్కడో ఉన్న పేజీలను యంత్రాలు మూకుమ్మడిగా తెరిచినందువల్ల పెరిగిన లెక్క అది అని పరిశీలకులు అనుమానించారు. అలా అయితే తగ్గింది యంత్రాల చూపే, మనుషులు తగ్గలేదు.

ఇన్ని పరీక్షల తర్వాతా కొన్నిసార్లు కారణం తేలదు. న్యాయశాస్త్రం సంశయాన్ని తన పదహారు పదార్థాల్లో ఒకటిగా లెక్కించింది. విచారణ మొదలవ్వాలంటే సంశయం ఉండాలి, తొందరపడి దాన్ని నిర్ణయంగా మార్చకూడదు. గూగుల్ ఇచ్చే సూచన కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. కోర్ అప్‌డేట్ పూర్తయ్యాక కనీసం ఒక వారం ఆగి, ఆ తర్వాతి లెక్కలను అప్‌డేట్ మొదలవకముందు వారంతో పోల్చాలని, స్థానంలో చిన్న తేడాలుంటే పేజీల జోలికి పోవద్దని అది చెబుతుంది.