45 నిమిషాల నిశ్శబ్దం

అమ్మ 2024లో రిటైరైంది. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 60కీ, 2022లో 62కీ పెరగడంతో కలిసొచ్చిన నాలుగేళ్లనీ వరంలా అనుభవించింది. అయినా ఆ జూన్‌లో బళ్లు తెరిచిన రోజు, తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది అంటే మేమే మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణలో చేర్పించాం. అంతకుముందే రిటైరై కుదురులేకుండా తిరుగుతున్న నాన్న కూడా వెళ్లాడు.

ఎనిమిది వారాల కోర్సు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలిక నొప్పులున్న రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతి. మొదటి తరగతిలో ఒక ఎండుద్రాక్షని చూసి, తాకి, వాసన చూసి, మెల్లగా నమలమంటారు. అమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయట. రెండు పీరియడ్ల మధ్య క్యారేజీ ఖాళీ చేసి, ఇంట్లో అందరూ తిన్నాక నిలబడి తిన్న మనిషి. "ఇన్నేళ్లలో దేని రుచీ చూడలేదే" అంది. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. కాబట్టి ఆ శిక్షణ బూటకమని నేననలేను.

నా పేచీ ఇంటి దగ్గర చెయ్యాల్సిన అభ్యాసంతో. రోజూ 45 నిమిషాలు. నాన్న పొద్దున్నే ఆరింటికి గది తలుపేసుకునేవాడు. అంతసేపూ అమ్మ కుక్కర్ పెట్టదు, మిక్సీ వెయ్యదు, పాలబ్బాయి బెల్లు కొట్టకుండా గేటు దగ్గర నిలబడుతుంది. తన వంతు వచ్చేసరికి టిఫిన్ వేళ. తలుపు వేసుకుంటే, పంచదార డబ్బా ఎక్కడని అదే తలుపు కొట్టేవాడు నాన్న.

నాన్నకున్నది ఒక్క ఉద్యోగం, అది అయిపోయింది. అమ్మకున్న రెండింటిలో పోయింది, ఆమెని 'టీచరుగారూ' అని పిలిపించినది. ఆ బాధని "తీర్పు చెప్పకుండా గమనించండి" అన్నారు శిక్షణలో. నేను ఆగిపోయేది అక్కడే. కొన్ని దుఃఖాల్లో తీర్పే అసలు సంగతి. ఇది అన్యాయం అన్న ఎరుకని పక్కన పెడితే ఇక మిగిలేది గుండె దడ. దానికి ఊపిరి మందు.

మైండ్‌ఫుల్‌నెస్ అన్నది పాళీ 'సతి'కి 1881లో రీస్ డేవిడ్స్ చేసిన అనువాదం. (సతి అనగానే మన చెవికి తట్టే అర్థం వేరే. నవ్వొచ్చింది.) సంస్కృతంలో అదే స్మృతి, జ్ఞాపకం. మిలిందపన్హలో నాగసేనుడు సతిని వివరిస్తూ, ఏది మేలో ఏది కీడో గుర్తుచేసేదంటాడు. అంటే ఆ మాటలో విచక్షణ ఉంది. ఎనిమిది వారాల కోర్సుగా అమ్మ దాకా వచ్చేసరికి అదే జారిపోయింది.

ఇదంతా అమ్మతో వాదించాను. "మీ పరిశోధన బాగానే ఉంది గానీ, నన్ను నిద్రపోనీవే" అంది. ఆమె కోపాన్ని ఆమెకంటే నేనే ఎక్కువ భద్రంగా దాచుకుంటున్నానేమో. నాకు పనికొచ్చే కోపం కదా అది.

మొన్న సెలవులకి వెళ్తే, ఆరింటికి అమ్మ కూడా వరండాలో కళ్లు మూసుకుని కూర్చుంది. పాలబ్బాయి బెల్లు కొట్టాడు. గదిలోంచి నాన్న వచ్చి, పాలగిన్నె ఎక్కడుందని నన్నడిగాడు. చెప్పాను గానీ లేవలేదు.