రోగెలీముకు తిరుగు ప్రయాణం

చదవవలసిన భాగం: 2 సమూయేలు 19:31–40

తెల్లవారుజామున అయిదింటికి ఆ ఆశ్రమంలో ముందు వినబడేది ప్రార్థనా కాదు, సుప్రభాతమూ కాదు. నీళ్ళ మోటారు. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్ళే వైపున్న ఆ వృద్ధుల ఇంట్లో ట్యాంకు నింపే పని ఎనభై ఒక్కేళ్ళ లస్కరు బాబాయిగారిది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకున్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కాలవ గట్ల మీద తిరిగి, తూములు ఎత్తి దించి, ఏ చేలకు ఎంత నీరు పారిందో చూసుకున్న మనిషి. ఇప్పుడు ముప్పై మంది స్నానాలకు నీళ్ళు చూస్తున్నారు. ట్యాంకు పొర్లిందంటే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. పెరట్లో అరటి మొక్కలకు ఆయన తీసిన బోదెలు చూస్తే, ఎండాకాలంలో కాలవలు కట్టేసి తొలకరికి మళ్ళీ వదిలే మన డెల్టా అంతా ఆ నాలుగు సెంట్లలోనే ఉందనిపిస్తుంది.

రిటైరైన తెలుగు మేష్టర్ని. శనివారాలు అక్కడికి వెళ్ళి, చూపు తగ్గినవాళ్ళకు పేపరు చదివి పెడుతుంటాను. ముందు పోయినవాళ్ళ ఫొటోలున్న పేజీ చదవమంటారు. ఎన్నికల వార్తలు ఆ తర్వాతే. ఉప్మా తిన్నాక ఒకామె గోంగూర వలుస్తూ కూర్చుంటుంది, ఒకాయన పదవినోదం నింపుతూ అడ్డం ఏడు దగ్గర ఆగి నాకోసం చూస్తుంటాడు, వరండాలో ఇద్దరు అష్టాచెమ్మా వేస్తారు. పేకకు డబ్బు పెట్టకూడదని నియమం. అందుకని బీపీ మాత్రలు పందెం కాస్తామని ఒక పెద్దాయన ప్రతి వారమూ అదే హాస్యం ఆడతాడు, ప్రతి వారమూ నవ్వుతాం. సాయంత్రం హాల్లో అరగంట భజన, అరగంట మా ప్రార్థన. రెండింటికీ అందరూ వస్తారు. టీ ఇచ్చేది రెండూ అయ్యాక మరి.

బాబాయిగారి అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మన ఆదివారం ఉదయం ఏడింటికి, అంటే వాళ్ళ శనివారం రాత్రి, వీడియోలో కనిపిస్తాడు. వచ్చెయ్యమని పిలుస్తూనే ఉన్నాడు. ఒకసారి వెళ్ళొచ్చారు కూడా. ఎలా ఉందని అడిగాను.

"బావుందండి మేష్టారూ. నాలుగు నెల్లున్నాను. మావాడు బంగారం, కోడలు పిల్ల ఇంకా బంగారం. కానండీ, అక్కడ నీళ్ళు వాటంతటవే వచ్చేస్తాయండి. నేనేం చెయ్యనండి?"

ఆ మాట విన్న రోజు రాత్రే బర్జిల్లయి కథ మళ్ళీ తీశాను.

మనం పెద్దగా పట్టించుకోని మనిషి బర్జిల్లయి. గిలాదు దేశంలో రోగెలీము అనే ఊరివాడు, వయసు ఎనభై. అబ్షాలోము తిరగబడితే దావీదు యొర్దాను దాటి మహనయీముకు పారిపోయినప్పుడు ఆదుకున్న ముగ్గురిలో ఇతడొకడు. కన్నకొడుకు తరిమేసిన తండ్రికి వీళ్ళు ఏం తెచ్చారో 17వ అధ్యాయం చివర లెక్క ఉంది. పరుపులు, పాత్రలు, కుండలు, గోధుమలు, యవలు, పేలాలు, చిక్కుళ్ళు, తేనె, వెన్న, గొర్రెలు. పరుపులు మొదట ఉండడం చూడండి. నడిచి నడిచి వచ్చినవాడికి ముందు ఏం కావాలో ఎనభై ఏళ్ళవాళ్ళకు తెలుస్తుంది.

గొడవ అణిగింది. దావీదు తిరిగి యెరూషలేముకు బయలుదేరాడు. సాగనంపడానికి బర్జిల్లయి నది దగ్గరకు దిగి వచ్చాడు. నాతో వచ్చెయ్యి, నా దగ్గరే పెట్టుకుని పోషిస్తానన్నాడు రాజు. మర్యాదకు అన్నమాట కాదది, మనసులోంచి వచ్చిందే. ముసలాయన జవాబులో ఏడుపు లేదు, దెప్పు లేదు. నాకెంత వయసొచ్చిందో తెలుసు కదా, తినేదాని రుచి తెలియదు, పాటలు పాడితే వినబడవు, నీకు నేనెందుకు బరువు కావాలి, మా అమ్మా నాన్నల సమాధి దగ్గర మా ఊళ్ళోనే పోనియ్యి అన్నాడు. నది దాటి కాస్త దూరం మాత్రం నీతో వస్తానన్నాడు.

రుచి తెలియదని ఒప్పుకోవడం ఎంత కష్టమో గోదావరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. వరద నీటికి ఎదురీదే పులసను మట్టి దాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాటికి దాచి తినే జాతి మనది. పుస్తెలమ్మైనా తినాలనే సామెత పుట్టింది ఇక్కడే. మొన్న శ్రావణంలో ఎవరో దాత ఆశ్రమానికి ఆ పులుసు పంపితే, ఒక పెద్దావిడ ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "బానే ఉందిగాని, నాకు బెండకాయా చేపా ఒక్కలాగే ఉన్నాయర్రా" అంది. ఎవరూ జాలిపడలేదు, ఆవిడా పడనివ్వలేదు. తన కంచంలోది పక్కామెకు వేసింది. రాజుగారి విందు వద్దన్న గొంతు నాకు ఆవిడ మాటలో వినబడింది.

రాజు పిలుపు వద్దన్నవాళ్ళు మన నేల మీదా ఉన్నారు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ వండి పెట్టిన తల్లి. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక సంబరాలకు పిలుపొస్తే, తాను వెళ్తే ఇక్కడికి వచ్చినవాళ్ళకు అన్నం ఎవరు పెడతారని కదలలేదనీ, చివరకు ఆమె ఫొటో తెప్పించుకుని కుర్చీలో పెట్టుకున్నారనీ కోనసీమలో చెప్పుకుంటారు. ఆమె మా సంఘం మనిషి కాదు. అయినా బర్జిల్లయి పక్కన పీట వేయాల్సి వస్తే నేను ఆమెకే వేస్తాను. ఇద్దరిదీ ఒకటే లెక్క. గౌరవం తక్కువై కాదు, ఇక్కడ పని మిగిలి ఉంది.

పని వదలకపోవడంలో కాటన్ దొర సంగతీ అలాంటిదే. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన మనిషి, విశ్రాంతి రోజుల్లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో నేల లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేసుకున్నాడు. 96 ఏళ్ళు బతికి 1899లో పోయాడు. ఈ కబురు చెబితే బాబాయిగారు, "మరి నీళ్ళెలా పెట్టేవారటండి?" అని అడిగారు. నాకు తెలియలేదు.

అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆశ్రమంలో ఉన్న అందరూ బర్జిల్లయిలు కారు. అతడు వద్దన్నాడు, కొందరిని ఎవరూ అడగనే లేదు. చివరి గదిలో ఒకామె ఉంది. నెల రోజులని చెప్పి దింపి వెళ్ళి మూడేళ్ళయింది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌లో అర్జీ పెడితే నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చని ఎవరో చెప్పారు. "నా పిల్లల మీద నేను కాగితం పెట్టనండి" అంది. ఒకటో తారీకున చేతికొచ్చే 4,000 పింఛనులోంచి మనవడి పుట్టినరోజుకని కొంత పక్కన పెడుతుంది. ఆమె ముందు బర్జిల్లయి గొప్పతనం మీద ప్రసంగం చేస్తే దేవుడు మెచ్చడు. ఆ గదిలో నేను బైబిలు తెరవను. పేపరు చదువుతాను, ఆమె చెప్పింది వింటాను.

ఇక నా సంగతి. ఇరవై రెండేళ్ళ క్రితం, నాన్న పోయిన ఏడాదికి, మా అమ్మను సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాను. అవతల నరసాపురం, అక్కణ్ణుంచి రాత్రి రైలుకు హైదరాబాదు. నేనప్పుడు అక్కడ ఉద్యోగంలో ఉన్నాను. ఆమె వద్దనే అంది. "ఇక్కడే ఏదో చూసుకుంటాన్రా, పక్కన పిన్ని ఉందిగా" అంది. ఒంటరిగా వదిలేశాడని ఊళ్ళో అనుకుంటారేమోనన్న భయం నాది. గేదెను అమ్మేశాను, ఇంటికి తాళం వేశాను. పంటు వశిష్ఠ మధ్యకు వచ్చాక ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. ఎండ అని గొడుగు పట్టాను. మూడో అంతస్తు ఫ్లాటులో పదకొండు నెలలు ఉంది. ఏ లోటూ చేయలేదు. ఆమె చేయడానికి ఏ పనీ మిగల్చలేదు కూడా.

బర్జిల్లయి కాస్త దూరం దాటి వెనక్కి వెళ్ళాడు. మా అమ్మను నేను పూర్తిగా దాటించాను.

అందుకే ఈ భాగంలో నేను ఎక్కువసేపు ఆగేది 39వ వచనం దగ్గర. దావీదు బతిమాలలేదు, నొచ్చుకోలేదు, నలుగురూ ఏమనుకుంటారో అనుకోలేదు. ముసలాయనను ముద్దుపెట్టుకుని, దీవించి, వెళ్ళనిచ్చాడు. సొంత కొడుకు విషయంలో ఎన్ని తప్పులు చేసినా, ఇక్కడ మాత్రం కొడుకు చేయాల్సిన పని సరిగ్గా చేశాడు. తనకు బదులుగా కింహామును తీసుకెళ్ళమని బర్జిల్లయి అడిగితే, అతడికి నువ్వేం చేయమంటే అదే చేస్తానన్నాడు. కింహాము అతని కొడుకే అయ్యుంటాడని పండితులు అంటారు. చనిపోయే ముందు సొలొమోనుకు అప్పగింతలు చెప్పేటప్పుడు కూడా, బర్జిల్లయి కొడుకులకు నీ బల్ల దగ్గర భోజనం పెట్టమని గుర్తుచేశాడు (1 రాజులు 2:7).

సుమారు నాలుగు వందల ఏళ్ళ తర్వాత యిర్మీయా గ్రంథం 41వ అధ్యాయంలో, బేత్లెహేము పక్కన గెరూతు కింహాము అనే చోటు కనిపిస్తుంది. గెరూతు అంటే బస. భయంతో ఐగుప్తుకు పారిపోతున్న జనం అక్కడ దిగారు. పరుపులు మోసుకొచ్చిన ముసలాయన ఇంటి పేరు బాటసారుల బసకు మిగిలిందన్నమాట. మన పి.గన్నవరంలో వైనతేయ మీదుగా కాలవను దాటించే అక్విడెక్టుకు సీతమ్మగారి పేరున్నట్టే.

ప్రార్థన

ప్రభువా, మా పెద్దవాళ్ళు వస్తామంటే తీసుకెళ్ళే మనసు, ఉంటామంటే ఉండనిచ్చే మనసు మాకు ఇవ్వు. వాళ్ళేమంటున్నారో వినేదాకా మా నోరు కట్టు. చివరి గదిలోని తల్లి ఎదురుచూస్తున్న ఫోను ఈ వారమైనా మోగనియ్యి. మా అమ్మ విషయంలో నన్ను క్షమించు. బాబాయిగారి మోకాలి నొప్పి తగ్గించు. రేపు అయిదింటికి కరెంటు ఉండనియ్యి. ఆమేన్.