మందల నడకను బట్టి

ధ్యానభాగం: ఆదికాండము 33:12–17

ఇస్సాకు ఇంట ఇద్దరు కొడుకులు. ఏశావు అడవి మనిషి. వేటాడతాడు, ఎండకీ వానకీ జంకడు. యాకోబు గుడారాల్లో ఉండిపోయే నెమ్మదస్తుడు. మన స్కూళ్లలో పీటీ పీరియడ్‌లాంటిది వాళ్లకీ ఉండి ఉంటే ఎవర్ని ముందు టీములోకి పిలుస్తారో, ఎవరు చెట్టు కింద మిగిలిపోతారో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కడపల్లిలో పెరిగిన నేను చెట్టు కింద మిగిలిన పిల్లనే. స్పోర్ట్స్ డే వస్తే పరుగుపందెం చివర రిబ్బన్ పట్టుకుని నిలబడడం నా పని. మొదటివాడు రిబ్బన్ తెంచుకుని పోగానే అందరూ వాడి చుట్టూ మూగేవాళ్లు. నేను మాత్రం కదలకూడదు. అందుకే ఆఖర్న వచ్చేవాళ్ల మొహాలు నాకు బాగా తెలుసు. ఒక చెయ్యి డొక్క మీద ఉండేది. తమని ఎవరూ చూడటం లేదని అర్థమయ్యాక, గీత ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే పరుగు ఆపేసి నడిచేసేవాళ్లు.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది హాల్లో పొద్దున్నే ఏరోబిక్స్ నేర్పిస్తున్నాను. పెళ్లయిన చాన్నాళ్లకు నడుం నొప్పి వస్తే డాక్టరుగారి మాట మీద ఒక క్లాసులో చేరాను. అక్కడి టీచరే ట్రైనర్ కోర్సు చెయ్యమని పట్టుబట్టి చేయించింది. దేవుడు నన్ను ఇటు నడిపిస్తాడని కలలో కూడా అనుకోలేదు.

నా దగ్గరికి ఇంటిపని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు, గ్రూప్స్‌కి చదువుకుంటూ హాస్టళ్లలో ఉండే జిల్లాల పిల్లలు వస్తారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో రోజంతా వంగి చదివి ఆ పిల్లల మెడలు బిగుసుకుపోయి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు నేరుగా తలుపు పక్కకి పోయి నిలబడతారు. "అక్కా, నాతోని కాదు, నేను ఎనకనే ఉంటా" అంది ఒక అమ్మాయి, చెప్పులు విప్పకుండానే.

ఈ పనిలో నేర్చుకోవలసింది చాలా ఉంది. క్లాసుకి ఎదురుగా నిలబడతాం కాబట్టి వాళ్ల కుడిచెయ్యి లేవాలంటే నేను ఎడమచెయ్యి ఎత్తాలి. ఎనిమిది లెక్క పూర్తయ్యేలోపు, ఆరు దగ్గరే, తర్వాతి అడుగు ఏమిటో చెప్పెయ్యాలి. లేకపోతే వెనక వరుస తడబడుతుంది. అన్నిటికన్నా పెద్ద పాఠం ఇంకొకటి. ముందు ఎగిరి చూపించి, "చేతకానివాళ్లు ఊరికే అడుగు వెయ్యండి" అంటే, ఆ అడుగు వేసే ప్రతి మనిషీ తన చేతకానితనాన్ని అందరి ముందూ ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని నేల విడవని అడుగునే అందరికీ అసలు అడుగుగా నేర్పిస్తాను. ఎగరడం ఓపికున్నవాళ్లు పైన కలుపుకునేది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడా, ఇరవయ్యేళ్ల కుర్రాడూ ఒకే లెక్క మీద కదులుతారు. ఆవిడకి ఎవరికీ క్షమాపణ చెప్పుకునే పని ఉండదు.

అన్నకి భయపడి ఇల్లు విడిచిన యాకోబు, మేనమామ లాబాను దగ్గర ఇరవై ఏళ్లు గొర్రెలు కాశాడు. తిరుగు ప్రయాణంలో యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడి, తొడ గూడు వసిలి, తెల్లారేసరికి కుంటుతున్నాడు. అప్పుడు నాలుగొందల మందితో ఏశావు ఎదురొచ్చాడు. అన్నదమ్ములు మెడలు కౌగలించుకుని ఏడ్చారు. ఏశావు ఇక పోదాం పద, నేను నీ ముందు నడుస్తానన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లు, పాలిచ్చే పశువులున్నాయి, ఒక్కరోజు వడిగా తోలినా మంద చస్తుంది, నువ్వు ముందు వెళ్లు, నేను మందలూ పిల్లలూ నడవగలిగినట్టు మెల్లగా వస్తానన్నాడు.

ఏశావులో తప్పు పట్టడానికేమీ లేదు. అతను ప్రేమతోనే పిలిచాడు. కానీ జీవితమంతా తన కాళ్ల బలం మీదే నడిచినవాడికి, పక్కవాడు ఎంత దూరం నడవగలడని అడగాల్సిన అవసరమే వచ్చి ఉండదు. యాకోబు కుంటుతున్నాడు. ఒక్కరోజు తొందర పెడితే ఏం పోతుందో అతనికి తెలుసు. నాకూ తెలుసు. మొదటి రోజే ఒళ్లు హూనమైనవాళ్లు మర్నాడు మెట్లెక్కరు.

నారాయణగూడ వై.ఎం.సి.ఏ. మీదుగా వెళ్లినప్పుడల్లా యాకోబు అన్న ఆ మాటే నాకు గుర్తొస్తుంది. 1844లో లండన్‌లో జార్జి విలియమ్స్ అనే బట్టల కొట్టు ఉద్యోగి, స్నేహితులతో కలిసి ప్రార్థన కోసం మొదలుపెట్టిన సంస్థ అది. 1891లో అమెరికాలో ఆ సంస్థ శిక్షణ పాఠశాలలోనే జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. అయితే హోలియోక్ ఊళ్లోని వై.ఎం.సి.ఏ.కి వచ్చే నడివయసు వ్యాపారులకు ఆ పరుగులూ తోపులాటలూ భారమయ్యాయి. అక్కడ వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్ వాళ్లని పక్కన కూర్చోబెట్టలేదు. 1895లో టెన్నిస్ నెట్‌ని ఆరున్నర అడుగుల ఎత్తున కట్టి, ఒకరి మీద ఒకరు పడకుండా ఆడే ఆట తయారుచేశాడు. అదే వాలీబాల్. ఇవాళ మన పల్లెల్లో సాయంత్రమైతే రెండు కర్రలు పాతి ఆడే ఆట, ఆయాసపడేవాళ్ల కోసం పుట్టింది! ఆ మాట తలుచుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

శరీర సాధన కొంచెమే ప్రయోజనమని పౌలు తిమోతికి రాశాడు కదా అని సంఘంలో పెద్దలు నాతో అంటుంటారు. కొంచెమన్నాడు గానీ వద్దనలేదు. ఆరాధనలో చాప మీంచి లేవాలంటే పక్కవాళ్ల భుజం పట్టుకునే ఒక అక్క ఇప్పుడు తన అరచెయ్యి నేలకి ఆనించి తనే లేస్తోంది. ఆ కొంచెం కోసం ఆమె ఎంత కష్టపడిందో చూశాను.

యాకోబు చెప్పింది ఏశావుని తప్పించుకోవడానికి వేసిన ఎత్తు అని కొందరు బోధకులంటారు. ఏశావు ఉండే శేయీరుకు వస్తానన్నవాడు నేరుగా అక్కడికి వెళ్లలేదన్నది నిజమే. సుక్కోతులో ఆగిపోయాడు. కానీ అక్కడ ఏం చేశాడో చదవండి. తనకొక ఇల్లు కట్టుకుని, పశువులకు పాకలు వేయించాడు. ఆ చోటికి పేరు వచ్చింది యాకోబు ఇంటిని బట్టి కాదు, ఆ పాకలను బట్టి. మందని వడిగా తోలకూడదన్న మాట మాత్రం సాకు కాదు.

ప్రార్థన: తండ్రీ, ఈ రోజు కూడా ఎవరో ఒకరు తలుపు పక్కన నిలబడతారు. వాళ్ల మోకాళ్లు ఎంత బరువు మోయగలవో నీకు తెలుసు. నా లెక్క వాళ్లకి అందేలా చెయ్యి. ఎగరగలిగిన పిల్లలకు ఓర్పు ఇవ్వు. రేపు పరీక్ష రాయబోయేవాళ్లకి ఈ రాత్రి మంచి నిద్ర పట్టించు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.